గోచీ మీద చీటీ

గవర్నర్‌పేటలో సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. తలెత్తి చూస్తే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలోంచి మాస్టారు నా వైపే చూస్తున్నారు. నీలం కోటు, ఎర్ర టై, వెనకాల మంచుకొండలు, ఆ కొండల మీంచి ఎగిరిపోతున్న నాలుగు తెల్ల పావురాలు. కింద 'కన్నీటి నివాళి' అని పెద్ద అక్షరాలు. దాచుకోకుండా చెబుతున్నాను, నాకు ముందు నవ్వొచ్చింది. పైకే నవ్వేశాను. ఆటో అతను అద్దంలోంచి చూసి "తెలిసినాయనా అండీ?" అన్నాడు. "మా క్లయింటయ్యా" అన్నాను. పోయి అయిదు రోజులైందట. నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేనేమన్నా చుట్టాన్నా? అయినా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, ఆ కోటు మీద వచ్చిందనుకోండి.

మాస్టారు కోటు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, కుడిచెవి మీద పెన్సిలు, ముక్కు చివర కళ్లజోడు. అంతే ఆయన. కానీ ఆయన ఫొటో స్టూడియోలో ఒక నల్లకోటు ఉండేది. దాని వీపు నిలువునా కత్తిరించి నాలుగు నాడాలు కుట్టించారు. సన్నటివాడొస్తే నాడాలు బిగించేవారు, లావాటివాడొస్తే వదులు చేసేవారు. ముందు నుంచి చూస్తే కొలతలిచ్చి కుట్టించుకున్నట్టే ఉండేది. ఉద్యోగం దరఖాస్తుకైనా, పెళ్లిసంబంధానికైనా ఆ చుట్టుపక్కల కుర్రాళ్లందరూ ఆ ఒక్క కోటులోనే దూరి బయటికొచ్చారు. ఒకసారి మా బార్ అసోసియేషన్ గోడ మీద ఫొటోలు వరసగా చూస్తుంటే ముగ్గురు లాయర్ల ఒంటి మీద అదే కోటు, రెండో గుండీ ఊడిన అదే కోటు కనిపించింది. నేనెవరికీ చెప్పలేదు. వాళ్లలో ఒకాయన ఇప్పుడు జడ్జీ.

స్టూల్ మీద కూర్చోబెట్టి, లైటు సర్ది, మాస్టారు ఎవరితోనైనా ఒకే మాట అనేవారు. "గడ్డం కొంచెం దించండి. ఆఁ, అంతే. నవ్వొద్దు. నవ్వు నేను పెడతా."

నిజంగానే పెట్టేవారు. వెనక నుంచి వెలుతురు పడే వాలు అద్దం మీద నెగెటివ్ పరుచుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలు తీసేవారు, మశూచి మచ్చలు పూడ్చేవారు, గడ్డం కింద గడ్డం ఉంటే ఒకటి తగ్గించేవారు. పెదవి చివర రెండు గీతలు గీస్తే చాలు, జీవితంలో నవ్వని మనిషి కూడా నవ్వినట్టుండేవాడు. నా పాస్‌పోర్టు ఫొటోలో ఉన్న నవ్వు నాది కాదు, ఆయనది. నాకంత మంచి నవ్వు లేదు.

పోయినవాళ్లకి కళ్లు తెరిపించడంలో ఆయన పేరు వన్ టౌన్ దాకా పాకింది. బతికుండగా ఒక్క ఫొటో కూడా తీయించుకోని పెద్దాయన్ని పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీయించి, ఆ ఫొటో పట్టుకొచ్చేవాళ్లు. "మా నాన్నకి కళ్లు తెరిపించాలండీ." మాస్టారు ఎంతో శ్రద్ధగా అడిగేవారు: "ఎట్టా చూసేవారు? కోపంగానా, శాంతంగానా?" వాళ్లేం చెప్పినా అవే కళ్లు వేసేవారు. వన్ టౌన్‌లో ఏ ఇంటికెళ్లినా గోడ మీద దండ వేసిన పెద్దాయన నన్ను ఒకే చూపు చూస్తుంటే ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అవి మా అమ్మ కళ్లు లాయరమ్మా" అన్నారు. "ఎదురుగా లేకపోయినా గియ్యగలిగే కళ్లు నాకు అవొక్కటే. మరి ఎవరివి వెయ్యమంటారు?"

నేను ఆయనకి లాయరమ్మనెలా అయ్యానో చెప్పాలి. తొంభైల చివర నేను కొత్తగా నల్లకోటు వేసుకుని ఒక సీనియర్ గారి ఆఫీసులో ఫైళ్లు మోస్తున్న రోజులు. మా సీనియర్ గారు నుదుట విభూతి రేఖలతో ఉదయమే గది నిండా అగరొత్తులు వెలిగించి, హత్యకేసుల్లో కత్తిపోట్లు ఎన్ని అంగుళాలో కాఫీ తాగుతూ చదివి వినిపించేవారు. అలాంటి మనిషి ఒకరోజు నన్ను పిలిచి, కిటికీ వైపు తిరిగి "అమ్మాయ్, ఈ కేసు కొంచెం అదోలాంటిది. నువ్వు ఇబ్బంది పడకు" అన్నారు. చూస్తే అశ్లీలం కేసు. రెండువందల తొంభైరెండో సెక్షన్. ఎదుట ముద్దాయి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల పక్కకి వంచి "గడ్డం కొంచెం దించమ్మా" అన్నాడు. "ఎడమ చెంప మీద మొటిమ ఉంది. రేపు స్టూడియోకి రండి, తీసేస్తా."

ఆయన చేసిన నేరం ఇది. బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో ఒక పెళ్లికి ఫొటోలు తియ్యడానికి వెళ్లారు. ముహూర్తానికి ఇంకా టైముందని ఒడ్డు దాకా నడిచారు. అక్కడ ఒక ముసలాయన వల లాగుతున్నాడు. ఒంటి మీద గోచీ తప్ప ఇంకేం లేదు. తాడు భుజాన వేసుకుని, వెనక్కి వాలి, కాళ్లు ఇసకలో దిగేసి, ఎవరో ఏదో అన్నట్టున్నారు, ఉన్న నాలుగు పళ్లూ కనపడేలా నవ్వుతున్నాడు. మాస్టారు ఒకే ఒక్కటి తీశారు. ఇంటికొచ్చి నెగెటివ్ అద్దం మీద పెట్టుకుని, పెన్సిల్ చెక్కుకుని, గంటసేపు చూసి పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టేసుకున్నారట.

"ముప్ఫయ్యేళ్లలో నేను పెన్సిల్ పెట్టని ఫొటో ఇదొక్కటేనండీ" అన్నారు మా సీనియర్ గారితో. "ఎక్కడ పెట్టాలో దొరకలేదు."

దాన్ని మూడడుగుల ఎత్తున పెద్దది చేయించి, మెయిన్ రోడ్డు వైపున్న అద్దాల బీరువాలో పెట్టారు. అంతవరకూ అక్కడ పట్టుచీర పెళ్లికూతురు ఒకావిడ ఉండేది. ఆవిడ్ని తీసేసి ముసలాయన్ని పెట్టారు. జనం ఆగి చూసేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. ఒక్కాయన మాత్రం వెళ్లిపోలేదు. ఆ వీధిలో సంస్కృతిని కాపాడే సంఘం ఒకటుంది, ఆయన దానికి కార్యదర్శి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సంస్కృతి తప్ప ఆయనకి వేరే పనిలేదు. ఆడపిల్లలు తిరిగే రోడ్డులో నగ్నచిత్రం పెట్టారని పోలీసులకి కాగితం రాసిచ్చాడు.

వచ్చిన హెడ్ కానిస్టేబుల్ మంచివాడు. చాలా సిగ్గరి కూడా. స్వాధీనం చేసుకున్న వస్తువు మీద ఇద్దరు సాక్షుల సంతకాలతో చీటీ అంటించి, లక్కముద్ర వెయ్యాలి. సంతకం అనగానే రోడ్డు మీద జనం ఎటు వాళ్లు అటు జారుకున్నారు. చివరికి టీకొట్టు ఆయనా, ఫిర్యాదు ఇచ్చిన కార్యదర్శి గారూ సంతకాలు పెట్టారు. ఫిర్యాదుదారే సాక్షిగా ఉండకూడదు. కానీ ఆయన పెన్ను తీసి సిద్ధంగా నిలబడితే హెడ్ కానిస్టేబుల్ మాత్రం ఏం చేస్తాడు? జిగురు లేదంటే ఎదురుగా సినిమాహాలు దగ్గర వాల్‌పోస్టర్లు అంటించే అతని బకెట్లోంచి మైదా జిగురు గుప్పెడు తెచ్చారు. ఆ జిగురు సంగతి మీకు తెలియంది కాదు. అయిదేళ్ల కిందటి పోస్టరు కూడా గోడ సున్నంతో సహా తప్ప ఊడి రాదు.

ఇక చీటీ ఎక్కడ అంటించాలి? అది రూల్లో లేదు. హెడ్ కానిస్టేబుల్ ఆలోచించాడు. మూడడుగుల ఫొటో, జీపు లేదు, రోడ్డు మీద మోసుకుని పోవాలి, స్టేషన్లో ఆడవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. మర్యాదస్తుడు కదా, పోస్టుకార్డంత చీటీని సరిగ్గా గోచీ మీద అంటించి, లక్క కరిగించి ముద్ర కొట్టాడు. నెగెటివ్ వేరే కవర్లో పెట్టి దానికీ జిగురు పూశాడు.

"ఒప్పేసుకో" అన్నారు మా సీనియర్ గారు. "చిన్న కేసు. తప్పయిపోయిందని చెప్పు, జరిమానా వేస్తారు, కట్టేసి సాయంత్రానికి స్టూడియో తెరుచుకో."

మాస్టారు సరేనన్నారు. ఎవరేమడిగినా సరేననే మనిషి ఆయన. టై కావాలంటే టై, మీసం కావాలంటే మీసం, పోయిన మొగుడు పక్కన కావాలంటే పక్కన. బల్ల మీద కాగితం కూడా సర్దుకున్నారు సంతకానికి. నేను ఊరుకోవచ్చు కదా. కొత్తగా చదివిన చదువు. నోరు ఊరుకోలేదు. "శిక్ష పడితే ఫొటో నాశనం చెయ్యమని కోర్టు ఆర్డరివ్వచ్చు మాస్టారూ" అన్నాను.

"నాశనం అంటే?"

"కాల్చొచ్చు, చింపొచ్చు."

"నెగెటివ్ కూడానా?"

"నెగెటివ్ కూడా."

పెన్ను మూత పెట్టేశారు. "అయితే నేనొప్పుకోనండి."

మా సీనియర్ గారికి చిర్రెత్తుకొచ్చింది. "ఏమయ్యా, ఇంకోటి తీసుకో! సముద్రమేమన్నా ఎండిపోయిందా?"

"సముద్రముందండీ. ఆ ముసలాయన పోయాడు" అన్నారు మాస్టారు. "ఫొటో తీసిన మూడు వారాలకి జ్వరమొచ్చి పోయాడట. వాళ్లావిడ వచ్చింది నా దగ్గరికి. ఆయనది ఇంకో ఫొటో లేదంట. పోయాక కూడా తియ్యలేదంట. ఇస్తానని మాటిచ్చాను. మర్నాడే పోలీసులొచ్చారు."

మా సీనియర్ గారు కాసేపు విభూతి తడుముకున్నారు. తర్వాత ఫైలు నా వైపు తోసి "ఆ వస్త్రం కేసు నువ్వే చూడమ్మాయ్" అన్నారు. ఆయన నోటి నుంచి గోచీ అన్న మాట నా ఎదుట ఏనాడూ రాలేదు. నాలుగేళ్లూ అది 'ఆ వస్త్రం' కేసే.

నాలుగేళ్లా అంటారేమో. మన కోర్టుల్లో నాలుగేళ్లంటే రెండు దగ్గులు. మెజిస్ట్రేటులు ముగ్గురు బదిలీ అయ్యారు. ప్రతి వాయిదాకీ మాస్టారు పెన్సిల్‌తో సహా వచ్చి బోనులో నిలబడేవారు. ప్రతి వాయిదాకీ బందరు బస్సు దిగి ఆ ముసలాయన భార్య వచ్చేది. చేతిలో గుడ్డసంచి, అందులో మాకోసం ఎండుచేపలు. మొదటిసారి ఆ సంచి తెచ్చి మా సీనియర్ గారి బల్ల మీద పెట్టిన రోజు నేను జన్మలో మరిచిపోను. ఆయన లేచి నిలబడి దండం పెట్టి, గది బయటికి వెళ్లి, మళ్లీ ఆ రోజు లోపలికి రాలేదు. అగరొత్తులు రెండు కట్టలు వెలిగించినా వారం దాకా లాభం లేకపోయింది. నేను మాత్రం పులుసు పెట్టుకున్నాను. అద్భుతంగా ఉంది.

మామ్మకి కోర్టు సంగతి ఎంత చెప్పినా ఒకటే అర్థమైంది. "మా ముసలోణ్ణి ఎప్పుడు వదుల్తారు బుజ్జీ?" అని అడిగేది నన్ను.

"మామ్మా, ఆయన కాదు, ఆయన ఫొటో కోర్టులో ఉంది."

"అదే. ఎప్పుడు వదుల్తారు? బెయిలియ్యరా?"

"ఫొటోకి బెయిలుండదు మామ్మా."

"ఏం తప్పు జేశాడని? ఆయన పని ఆయన జేసుకున్నాడు." తర్వాత గొంతు తగ్గించి "లోపల తడి లేకుండా చూస్తారా? తడైతే ఆయనకి దగ్గొస్తది" అనేది. ప్రాపర్టీ గది గుమాస్తా దగ్గరికి వెళ్లి ఆయనకీ రెండు చేపలిచ్చి వచ్చేది. గుమాస్తా పాపం "బాగానే ఉన్నాడు మామ్మా, పైన అటక మీద పెట్టాను" అని జవాబు చెప్పేవాడు.

మూడో ఏడు కార్యదర్శి గారు కొంచెం మెత్తబడ్డాడు. ప్రతి వాయిదాకీ రావడం ఆయనకీ విసుగే. కోర్టు క్యాంటీన్లో మా బల్ల దగ్గరకొచ్చి కూర్చుని రాజీ మాట తెచ్చాడు. "నేనేమన్నా రాక్షసుణ్ణా? కోర్టువారిని అడిగి దాని మీద మోకాళ్ల దాకా ఓ పంచె గియ్యండి. మీకదెంతసేపు? గీస్తానని మాటివ్వండి, నేను సాక్ష్యంలో సరిగా గుర్తులేదని చెప్పేస్తాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. కేసు పోతుంది, ఫొటో దక్కుతుంది, మామ్మ ఇంటికెళుతుంది. మాస్టారి వైపు చూశాను. ఇన్నేళ్లలో ఎంతమందికి పంచెలు కట్టలేదు? రైతులకి ప్యాంట్లు తొడగలేదూ? టీ గ్లాసు కింద పెట్టి, చాలా మర్యాదగా అన్నారు: "పంచె కట్టుకుని సముద్రంలోకి దిగితే కాళ్లకి చుట్టుకుని మునిగి చస్తాడండీ."

"ఫొటోలో మునుగుతాడా ఏమిటయ్యా!"

"నా ఫొటోలో మునుగుతాడండి" అన్నారు మాస్టారు. నాకు తెలిసి ఫొటోలో ఒక మనిషి గియ్యమన్నది ఆయన కాదనడం అదే మొదలు.

ఆ రోజు బస్టాండు దాకా ఆయన్ని తిట్టుకుంటూ నడిచాను. ఇంటికెళ్లాక మాత్రం నా పుస్తకాలు దుమ్ము దులిపాను. కళకీ అశ్లీలానికీ మధ్య గీత ఎక్కడ, చూసేవాడి బుద్ధిలోనా, చూపించేవాడి ఉద్దేశంలోనా, రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, అన్నీ రాసుకున్నాను. నలభై పేజీలు. అద్దం ముందు నిలబడి చదువుకున్నాను. ఈ ఒక్క వాదనతో కృష్ణా జిల్లా నన్ను గుర్తుపెట్టుకుంటుందని నా గట్టి నమ్మకం.

విచారణ రోజు రానే వచ్చింది. నాలుగో మెజిస్ట్రేటు గారు జలుబుతో ఉన్నారు. మాస్టారు బోనులోకి ఎక్కగానే మెజిస్ట్రేటు గారిని పరకాయించి చూసి "అయ్యా, గడ్డం కొంచెం..." అన్నారు. నేను చొక్కా పట్టుకుని లాగాను.

కార్యదర్శి గారిని నేనే ప్రశ్నించాలి. మా సీనియర్ గారు పక్కన ఫైల్లో తలదూర్చి కూర్చున్నారు.

"ఈ ఫొటో మీరెన్నిసార్లు చూశారు?"

"రోజూ చూశానండి. పదిహేను రోజులు."

"అశ్లీలమని తెలిసీ రోజూ ఎందుకు చూశారు?"

"ఇంకా ఉందో, తీసేశారో చూడ్డానికి."

"స్టూడియో ఎదురుగా సినిమాహాలు మీద హీరోయిన్ బొమ్మ ఇరవై అడుగులది ఉంది కదా, వానలో తడుస్తూ. దాని మీద ఫిర్యాదు చెయ్యలేదేం?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అది సెన్సారయింది కదమ్మా!"

కోర్టంతా నవ్వింది. మెజిస్ట్రేటు గారు తుమ్మారు. నేను గొంతు సవరించుకుని "అంటే మీ అభ్యంతరమల్లా ఈ గోచీ మీదేనా?" అన్నాను. గోచీ అన్న మాట ఆ హాల్లో గట్టిగా మోగింది. మా సీనియర్ గారు కళ్లు మూసుకున్నారు.

"ఏదీ, ఆ ఫొటో ఇలా తెండి" అన్నారు మెజిస్ట్రేటు గారు. ఇద్దరు మోసుకొచ్చి బల్లకి ఆనించారు. వెనక బెంచీ మీంచి మామ్మ లేచి నిలబడింది. నాలుగేళ్ల తర్వాత మొగుణ్ణి చూడ్డం. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మెజిస్ట్రేటు గారు కళ్లజోడు తుడుచుకుని పైనుంచి కింద దాకా చూశారు. "ఇందులో అశ్లీలం ఏది?"

"చీటీ కింద ఉందండి" అన్నారు ప్రభుత్వం తరఫు లాయరు.

"చీటీ తియ్యండి."

"తీస్తే సాక్షుల సంతకాలు, ముద్ర చెడిపోతాయండి. సాక్ష్యం పోతుంది."

"నెగెటివ్ ఉందిగా?"

నెగెటివ్ కవరు విప్పారు. ప్రాపర్టీ గది పైకప్పు ఒక వానకాలం కారిందట. నెగెటివ్, కవరు, జిగురు ఒకే ముద్దగా ఉన్నాయి. మెజిస్ట్రేటు గారు మాస్టారి వైపు తిరిగి "మీరేమన్నా చెప్పుకుంటారా?" అన్నారు.

"అయ్యా, చీటీ లేనప్పుడు జనం ఆయన మొహం చూసేవాళ్లండి. చీటీ అంటించాక అందరూ అక్కడే చూస్తున్నారు" అన్నారు మాస్టారు.

నేను నలభై పేజీలూ పట్టుకుని లేచాను. మెజిస్ట్రేటు గారు చెయ్యి ఊపి కూర్చోమన్నారు. కనిపించేదాంట్లో వల లాగే మనిషి తప్ప ఏమీ లేదనీ, కనిపించనిదాన్ని అశ్లీలమని తానెలా నిర్ధారించగలననీ చెప్పి, కేసు కొట్టేసి, ఫొటో సొంతదారుకి ఇచ్చెయ్యమన్నారు. తర్వాత తుమ్మారు. నా జన్మలో గెలిచిన మొదటి కేసు అది. కళ గెలవలేదు, రాజ్యాంగం గెలవలేదు, మైదా గెలిచింది. ఆ నలభై పేజీలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి, ఎవరన్నా అడుగుతారేమోనని.

మామ్మ ఆ పూటే తీసుకెళ్లిపోతానంది. చీటీ తీసి ఇస్తానని మాస్టారు స్టూడియోకి తీసుకొచ్చారు. నేనూ వెళ్లాను. ట్రేలో నీళ్లు పోసి, ఫొటో నానబెట్టి, కొనగోటితో అంచు కదిపారు. కొంచెం కొంచెంగా లాగారు. చీటీ వచ్చింది. చీటీతో పాటు ఫొటో పైపొర కూడా వచ్చేసింది. ముసలాయనకి పైన నవ్వుంది, కింద కాళ్లున్నాయి, మధ్యలో పోస్టుకార్డంత తెల్లకాగితం.

"మా ముసలోణ్ణి ఏం జేశారయ్యా?" అంది మామ్మ. అరిచి ఉంటే బాగుండేది. మెల్లిగా అంది.

మాస్టారు చెవి మీంచి పెన్సిల్ తీశారు. "కోట్లు వేశాను గానీ గోచీ ఎప్పుడూ వెయ్యలేదు మామ్మా. నువ్వు చెప్పు, నేను వేస్తా" అన్నారు.

"చెప్తే వచ్చుద్దా? కట్టుకుని చూడు."

సంచిలోంచి తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చింది. మాస్టారు మారు మాట్లాడకుండా ప్యాంటు మీదనే, పౌడరు అద్దం ముందు నిలబడి గోచీ పెట్టుకోవడం మొదలెట్టారు. "అట్టా కాదయ్యా. బిగించు. ఇంకా బిగించు. వెనక్కి తియ్యి. అయ్యో, నీకెవురూ నేర్పలేదా?" అంటూ ఆవిడ ఆయన నడుం దగ్గర మడత సర్ది, తాడు లాగినట్టు ఒంగమంది. ఒంగారు. ఊరందరికీ గడ్డం దించమని చెప్పిన మనిషి ఆవిడ దించమన్న చోటల్లా దించారు. నేను తెరవెనక్కి వెళ్లి నోట్లో చెంగు కుక్కుకుని నవ్వాను. నాకు కడుపునొప్పి వచ్చింది.

తర్వాత ఫొటో ఆరబెట్టి, ఆయన కూర్చుని గీశారు. రెండు గంటలు పట్టింది. మడత మడతా ఆవిడ చెబుతుంటే ఈయన గీయడం. చివర్లో మామ్మ వంగి చూసి "చుట్టేదీ?" అంది.

"చుట్టా?"

"బొడ్లో చుట్ట ఉండాల. ఎప్పుడూ ఉంటది. చుట్ట లేకుండా మా ముసలోడు సముద్రంలోకి దిగడు."

మాస్టారు ఒక్క క్షణం పెన్సిల్ ఆపారు. నాకు బాగా గుర్తు. తర్వాత "అవును మామ్మా, ఉంది. నేనే మర్చిపోయా" అని మొలతాడు పక్కన చిన్న చుట్ట గీశారు. చివర కొంచెం నలిగినట్టు కూడా వేశారు.

మామ్మ చాలాసేపు చూసింది. తడి ఆరిందో లేదో వేలితో తడిమి, పాత చీరలో చుట్టి, చంకనెత్తుకుంది. ఆవిడకంటే అదే పెద్దదిగా కనిపించింది. గుమ్మం దిగుతూ ఫొటోతో అంది: "పద, ఇంటికి పోదాం." నాకప్పటిదాకా వచ్చిన నవ్వంతా పోయి కళ్లనీళ్లు తిరిగాయి. మాస్టారు వెనక్కి తిరిగి నెగెటివ్ అద్దం తుడవడం మొదలెట్టారు.

ఆ చీటీని ఆయన పారెయ్యలేదు. లక్కముద్రతో సహా ఆరబెట్టి, ఫ్రేము కట్టి, అద్దాల బీరువాలో ముసలాయన ఉన్న చోటే పెట్టారు. అప్పట్నుంచీ అక్కడే ఉంది. కార్యదర్శి గారు రోజూ సాయంత్రం ఆగి, తన సంతకం చూసుకుని, తృప్తిగా తల ఊపి వెళ్లేవాడు. ఆయనకీ మాస్టారికీ అక్కడ స్నేహం కుదిరింది. కలిసి టీ కూడా తాగేవాళ్లు.

ఫ్లెక్సీ చూసిన సాయంత్రం స్టూడియోకి వెళ్లాను. ఇప్పుడది కలర్ ల్యాబు. మాస్టారి అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో పెళ్లికొడుకు ఫొటోకి జుట్టు పెంచుతోంది. నన్ను చూసి లేచింది. మాటల్లో ఆ కోటు సంగతి అడిగాను, కాస్త నిష్టూరంగానే.

"ఊరందరికీ వేశారు గానీ నాన్న ఒక్కసారి కూడా వేసుకోలేదు కదా మేడం" అంది. "అందుకే నేనే వేశాను."

ఆయన గుర్తుగా ఏదన్నా తీసుకోమంటే ఆ చీటీ ఫ్రేము అడిగాను. బీరువాలోంచి తీసి, దుమ్ము తుడిచి ఇచ్చింది. ఇన్నేళ్లలో దాన్ని ముందువైపు తప్ప చూడలేదు. వెనక అట్ట వదులైపోయింది, తీశాను. చీటీ వెనకాల ఫొటో నుంచి ఊడొచ్చిన పొర అలాగే అంటుకుని ఉంది. పలచగా, తిరగేసి ఉన్నా అన్నీ తెలుస్తున్నాయి. కోర్టు నాలుగేళ్లు వెతికింది అక్కడే ఉంది, కార్యదర్శి గారి సంతకం వెనకాల, గవర్నర్‌పేట మెయిన్ రోడ్డు మీద. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టి చూశాను. బిగించిన మడతలు, మొలతాడు, తడికి ఒంటికంటుకున్న గుడ్డ. అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ చూశాను.

"ఏముంది మేడం అందులో?" అంది అమ్మాయి.

"చుట్ట లేదమ్మా" అన్నాను.